అరవై రెండు కార్లకి ఆయుధపూజ

మా బావ గున్నేశ్వరరావు అంటే నాకు పడదు. ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. రామచంద్రపురం మెయిన్‌రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు ఆయనది. కొట్టుకొచ్చిన ఆడవాళ్లని "రండమ్మా, కూర్చోండమ్మా" అని నెత్తిన పెట్టుకుంటాడు. ఇంట్లో మా అక్క ప్రసన్నలక్ష్మితో మాట్లాడాలంటే మాత్రం నోరు పెగలదు.

ఆయన ప్రాణమంతా ఒక అద్దాల బీరువాలో ఉంది. విదేశీ గూఢచారి సినిమాలు వరసగా వస్తుంటాయి కదా, వాటిలో హీరో నడిపిన కార్లకి అచ్చు గుద్దినట్టుండే నమూనాలు, అరచేతిలో పట్టేంతవి, తయారుచేసి అమ్ముతారు. అవి అరవై రెండు పోగేశాడు. పోనీ బయటికి తీసి చూసుకుంటాడా అంటే అదీ లేదు. సీలు తియ్యకుండా అట్టపెట్టెలోనే ఉంచాలట. పెట్టె తెరిస్తే ఆ కారు చచ్చినట్టేనట! ఇరవై ఏళ్ల కాపురంలో ఆ బీరువా తాళంచెవి మా అక్క చేతికిచ్చిన పాపాన పోలేదు.

మొన్న దసరాకి, ఆయుధపూజ రోజున, కొట్లో పూజ హడావిడిలో తాళంచెవి ఇంట్లో మర్చిపోయి వెళ్లాడు. అక్క అప్పటికే స్కూటరుకి, మిక్సీకి, కుట్టుమిషనుకి బొట్లు పెట్టేసింది. ఆయనకి అంత ఇష్టమైన బండ్లకి పూజ లేకపోతే అరిష్టమనుకుంది, పిచ్చిది. పెట్టెలన్నీ తెరిచి, ఒక్కో కారుకీ పసుపు రాసి, అగ్గిపుల్లతో కుంకుమ బొట్టు పెట్టింది. ఆ బుల్లి చక్రాల కింద నిమ్మకాయ పట్టదు కదా, నిమ్మగింజలు పెట్టింది. హారతి పళ్లెంతో ఆయన కోసం గుమ్మంలో నిలబడింది.

వచ్చి చూశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నువ్వు ముట్టుకున్నాక ఇంకేం మిగిలింది? మీ తమ్ముడింటికి పో" అన్నాడు.

పండగ పూట, పట్టుచీర కూడా మార్చుకోకుండా, బట్టల బ్యాగూ ఒక పెద్ద సంచీ పట్టుకుని ద్రాక్షారామంలో మా ఇంటికొచ్చింది. వెళ్లి ఆయన చొక్కా పట్టుకుంటానన్నాను.

"వద్దురా భాస్కర్. కోపం తగ్గాక ఆయనే వచ్చి తీసుకెళ్తారు" అంది.

రోజూ సాయంత్రం తల దువ్వుకుని వీధి అరుగు మీద కూర్చునేది. అది చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

పదకొండో రోజు స్కూటరు చప్పుడైంది. అక్క మొహం వెలిగిపోయింది. ఆయన చెప్పులు కూడా విప్పలేదు.

"కార్లు తుడిచేశాను. ఆ ఖాళీ పెట్టెలు ఏం చేశావు?"

"కోపంలో మీరు చింపేస్తారేమోనని నాతో తెచ్చేశానండి. ఒక్కటీ నలగలేదు."

మంచినీళ్లు ఇచ్చి, సంచి తెచ్చి ముందు పెట్టింది. ఆయన అరుగు మీద కూర్చుని ఒక్కో పెట్టె మూలలూ వేలితో తడిమి చూసుకున్నాడు. నీళ్లు ముట్టలేదు. నేను పళ్లు కొరుకుతూ నిలబడ్డాను. ఈలోగా అక్క లోపలికెళ్లి బట్టలు సర్దుకుంది. బ్యాగుతో వచ్చి ఆయన పక్కన నిలబడింది.

ఆయన తలెత్తి బ్యాగు వంక చూశాడు.

"అందులో కూడా పెట్టెలున్నాయా?"

"లేవండి. నా చీరలు."

"అయితే అన్నీ వచ్చేసినట్టే" అని, సంచి స్కూటరుకి తగిలించుకుని వెళ్లిపోయాడు.