ఈస్టర్ రావద్దని ప్రార్థించిన కృప

2023. అప్పుడు మేడ్చల్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో, అంటే అత్యవసరంగా వచ్చినవాళ్లను మొదట చూసే గదిలో, నర్సుగా ఉన్నాను. ఈస్టర్ దగ్గర పడుతోంది; దానికి ముందు నలభై రోజుల్ని క్రైస్తవులు శ్రమల దినాలంటారు, ఉపవాసాలుంటారు. ఒక మధ్యాహ్నం దేవరయాంజాల్‌కు చెందిన పదమూడేళ్ల కృపను ఆటోలో తెచ్చారు. బడిలో నిలబడ్డదల్లా కూలిపోయిందట.

వెంటనే జీఆర్‌బీఎస్ చూశాం. వేలి నుంచి చుక్క రక్తం తీసి చేసే షుగర్ పరీక్ష అది. షుగర్ బాగా పడిపోయింది. గ్లూకోజు ఎక్కించగానే కళ్లు తెరిచింది గానీ, పల్స్ నాకు నచ్చలేదు. ఆ వయసు పిల్లకు అంత నెమ్మదిగా కొట్టుకోకూడదు.

సుచిత్ర చౌరస్తాలో ఒక బట్టల షాపులో పనిచేసే తల్లి పరుగున వచ్చింది.

"శ్రమల దినాలు గద సిస్టర్, ఉపవాసముంటాంది. పొద్దుమూకినంక చర్చిల ప్రార్థనైతది, గప్పుడు ఆడనే తింటది" అంది. అంత కంగారులోనూ ఆమె గొంతులో గర్వం. "మస్తు లావుండె, ఇప్పుడు జర తగ్గింది. అందరు మెచ్చుకుంటున్నరు. కండ్లు తెరిసింది గద, ఇగ తోల్కపోతం."

కృప అప్పటికీ బొద్దుగానే ఉంది. లావుగా ఉన్న పిల్ల పస్తులుంటోందని ఎవరికి తోస్తుంది చెప్పండి?

డాక్టరుగారు ఈసీజీ, పొటాషియం పరీక్ష రాశారు. పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుంది. తల్లేమో చెప్పులు వేసుకుని తయారు! నాకు ఒళ్లు మండింది. "రిపోర్టు రాందే కదిలేది లేదమ్మా, బయట కూర్చో" అని గట్టిగానే చెప్పి, మంచం పక్కన కూర్చున్నాను.

"పొద్దుమూకినంక ఏం తింటున్నవ్ బిడ్డా?"

తల్లి వింటోందేమోనని తలుపు వైపు చూసింది. "ఇంట్ల తింట అని చర్చిల చెప్తున్న. చర్చిల తిన్న అని ఇంట్ల చెప్తున్న" అంది.

"ఎందుకు బిడ్డా?"

"బడిల బస్తా అంటరు. నా పక్కన ఎవ్వరు కూసోరు. ఉపవాసమంటే తినుమని ఎవ్వరు బలవంతం చేయరు." దుప్పటి గుప్పిట్లో నలిపింది. "ఈస్టర్ అయినంక ఏం చెప్పాలె సిస్టర్? రావద్దని రోజు ప్రార్థన చేస్తున్న."

లేచి వెళ్లి డాక్టరుగారికి చెప్పాను. అంతలో రిపోర్టు వచ్చింది, పొటాషియం చాలా తక్కువ. వెంటనే ఐసీయూకి మార్చాం. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే గుండె ఆగిపోయేదేమోనని డాక్టరుగారు అంటే, తల్లి నెత్తి కొట్టుకుంది. "తగ్గుతాంటే సంబురపడ్డ సారూ!"

మూడోనాటికి ప్రమాదం తప్పింది. డ్యూటీ దిగి కృపను చూడటానికి వార్డుకు వెళ్లాను. తల్లి ఇడ్లీ తినిపిస్తుంటే మేనత్త చూడటానికి వచ్చింది. "అబ్బా, ఎంత సన్నబడ్డవే కృపా! మా పోరికి గూడ జర నేర్పియ్యి" అని నవ్వింది. పాపం, ఆమెకు తెలియదు. కృప నోటి దగ్గరి ముద్దను పక్కకు నెట్టేసింది.

తల్లి తలెత్తింది. "వదినె, గా మాట నా బిడ్డ ముంగట ఇంకోపారి అనకు."

కృప తల్లినే చూస్తోంది. "మల్ల లావైతే అమ్మా?"

"అయితే కానీ. నాకు బిడ్డ కావాలె."

కృప ఏడ్చింది. ఏడుస్తూనే సగం ఇడ్లీ తిన్నది. కౌన్సెలర్ దగ్గరికి నెలల తరబడి తిరగాల్సి వచ్చింది, అంత తేలిగ్గా పోయే భయం కాదది. కానీ నాకు బుద్ధి చెప్పింది ఆ సగం ఇడ్లీయే. బరువు తగ్గి వచ్చిన పిల్లల్ని చూసి శభాష్ అనడం మానేశాను. "ఎవరైనా ఏమన్నా అన్నరా బిడ్డా?" అని మొదట అడుగుతాను.