చేపకు అమ్మవారు పోసిన వేసవి

మా ఇంటి ఓనరమ్మ నా చేపల తొట్టిలోంచి చెంబుతో ఉప్పునీళ్ళు తోడి బకెట్లో పోసి, పక్కనున్న ఇత్తడి బిందెలోంచి బోరు నీళ్ళు తొట్టిలోకి వంపుతుండగా చూశాను. తొట్టి మూత మీద వేపమండ ఉంది. అద్దానికి మూడు పసుపు బొట్లు ఉన్నాయి. అప్పుడు పొద్దున పదిన్నర, అంటే పత్రిక డెస్కులో రాత్రి డ్యూటీ చేసేవాడికి తెల్లవారుజాము. నోట్లో బ్రష్షుతో అలాగే నిలబడిపోయాను. ఆమె మాత్రం ఏ కంగారూ పడకుండా, చెయ్యి ఆపకుండా, "అరవొద్దు నాయనా. తల్లి వచ్చిండే తావులో గట్టిగా మాట్లాడకూడదు" అంది.

పత్రికలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు కోపానికి కరువుండేది కాదు. కరెంటు పోతే కోపం, హోటల్లో సాంబారు చల్లగా ఉంటే కోపం, ఎవరైనా తుమ్ము విని ఆగితే మరీ కోపం. అప్పటికి రెండు వారాల కిందటే మూఢనమ్మకాల మీద ఆదివారం అనుబంధంలో పేజీ నిండా రాసి, ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాను. అలాంటి మనిషి చేపకు వేపమండ పెట్టారు.

అసలు తిరుపతిలో సముద్రపు చేపలెందుకని మీరు అడగవచ్చు. మంచినీటి చేపలు ఎవరైనా పెంచుతారు, ఉప్పునీటి చేపలు పెంచేవాణ్ణి ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే కావాలన్న దురద తప్ప వేరే కారణం లేదు. చెన్నై వెళ్ళి, నారింజ రంగు ఒంటి మీద తెల్లపట్టీలున్న రెండు చేపల్ని, ఎర్రచారల రొయ్య ఒకదాన్ని ప్లాస్టిక్ సంచుల్లో ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాను. పుత్తూరు దాటేదాకా పక్క సీటాయన వాటిని పులుసు పెట్టాలా, వేపుడు చెయ్యాలా అని సలహాలిస్తూనే ఉన్నాడు. పైన నా గది రేకులది. ఎండాకాలం అందులో చేపలు ఉడికిపోతాయని ఓనరమ్మే కింద వసారాలో చోటిచ్చింది. (కోపంలో ఉన్నప్పుడు ఈ సంగతి నాకు గుర్తు రాలేదు.) ఎండకు నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం తొట్టిలోనే మిగిలిపోతుంది కాబట్టి రోజూ ఒక చెంబు మంచినీళ్ళు పొయ్యమని ఆమెను అడిగింది కూడా నేనే.

నెల తిరక్కుండా చేపల ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు లేచాయి. అది పరాన్నజీవి. చర్మంలో దూరి తింటుంది, రాలి అడుగున పడుతుంది, అక్కడ వందలుగా పుట్టుకొచ్చి మళ్ళీ చేప మీదికే ఎగబాకుతుంది. మూడో రోజుకు రెండు చేపల్లో ఒకటి వెల్లకిలా తేలింది. మిగిలింది ఒక మూల చేరి, మొప్పలు ఎగరేస్తూ, తిండి ముట్టడం మానేసింది. ఆ ఒక్క ప్రాణాన్నైనా నిలబెట్టాలని సెలవు పెట్టి చెన్నై పరుగెత్తాను. చేపలమ్మిన అంగడాయన రాగి కలిసిన మందు ఇచ్చాడు. చుక్కలు లెక్కపెట్టి మరీ తొట్టిలో పోశాను. రొయ్యలున్న నీళ్ళలో వాడరాదని సీసా మీద చిన్నక్షరాల్లో రాసి ఉందట. పొద్దస్తమానం ఇతరుల అచ్చుతప్పులు ఏరే ఉద్యోగం నాది. ఆ ఒక్క వాక్యం చదవలేదు.

తర్వాత ఇంకో చిక్కు మొదలైంది. ఉప్పు కొలిచే డబ్బాలో ముల్లు రెండ్రోజులకోసారి కిందికి దిగుతోంది. తొట్టిలో ఉప్పు ఎక్కడికి పోతుంది? డబ్బా చెడిపోయిందని తీర్మానించి, అంగడాయనకు ఫోన్ చేసి, పాఠకుల ఉత్తరాల్లో కూడా కనిపించని భాషలో దులిపాను. ఆయన ఓపిగ్గా విని, అరవయాస తెలుగులో, "సార్, ఉప్పు ఎత్తుకుపోయేదానికి నేను తిరుపతికి వస్తానా? ఇంట్లో ఎవరో నీళ్ళు పోస్తా ఉంటారు, చూడండి" అన్నాడు. మా ఓనరు వాళ్ళను అనుమానించినందుకు ఇంకో విడత దులిపాను.

ఆ మర్నాడే నేను ముందు చెప్పిన దృశ్యం.

నోరు పుక్కిలించి వచ్చి, ఇదేం పని అని గట్టిగానే అడిగాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, నాకు చదువు లేదన్నట్టు జాలిగా చూసింది.

"ఒళ్ళంతా గుల్లలు లేసిండాయి, తిండి తినలేదు, మూల పణుకుండాది. అమ్మోరు గాక ఇంకేంది? మూడోనాడు ఒగ బిందె పోసినా, అయిదోనాడు ఒగ బిందె. ఈపొద్దు ఏడోనాడు."

"అది నీళ్ళలోనే కదమ్మా ఉండేది. మళ్ళీ తలకు నీళ్ళు పోసేదేంది?"

"ఉప్పునీళ్ళలో ఉండాది. అమ్మోరు పోసిన బిడ్డకు యాడన్నా ఉప్పు పెడతారా అప్పా?"

పేజీ నిండా రాసిన నా వ్యాసంలో ఉప్పు ఊసు ఎక్కడా లేదు. నేను అప్పటికే తొట్టిలో మందు పోశానని తెలిసి ఆమెకు నాకన్నా ఎక్కువ కోపం వచ్చింది. తల్లి వచ్చిన ఒంటికి ఎవరైనా మందు వేస్తారా, గంగమ్మకు కోపం రాదా అని నన్నే నిలదీసింది. పైగా వారం రోజులుగా ఆ ఇంట్లో తాలింపు వెయ్యడం లేదట. తాలింపు ఘాటు అమ్మవారికి పడదు మరి. బస్సు నడిపి రిటైరైన ఆమె భర్త మంచం మీద నుంచి మెల్లగా, "అబ్బోడా, నీ సేపకు ఎప్పుడు తగ్గుతాదో చెప్పు. సప్పిడి పప్పు తిని నాలిక సచ్చిపోయిండాది" అన్నాడు. అప్పుడే నా కన్ను పెరట్లోకి పోయింది. తల్లికి పోసిన నీళ్ళు ఎవరూ తొక్కకూడదని ఆమె తోడిన ఉప్పునీళ్ళన్నీ కరివేపాకు చెట్టు మొదట్లో పోసింది. చెట్టు నిలువునా ఎండిపోయింది. ఆ నేరమూ నా చేప మీదే పడింది.

నా కోపం ఎంతదైనా, ఉప్పు ఒక్కసారిగా పెంచితే చేప చస్తుంది. అందుకని ఏమీ చెయ్యలేక అలాగే వదిలేశాను. మర్నాడు రొయ్య పక్కకు ఒరిగి చచ్చిపోయింది. ఇద్దరం దాన్ని చూసి ఒకరినొకరం చూసుకున్నాం. చేప మాత్రం మూల వదిలింది. నాలుగో రోజు మేత అందుకుంది. చుక్కలు రాలాయి, మళ్ళీ ఎన్నాళ్ళు చూసినా రాలేదు. అది మేత అందుకున్న రోజు సాయంత్రమే కింద వాటాలోంచి ఆవాలు చిటపటలాడిన చప్పుడు విన్నాను. పెద్దాయన నాకూ ఒక గిన్నెలో పప్పు పంపించాడు.

చేపను నా మందు బతికించింది, రొయ్యను ఆమె నీళ్ళు చంపాయి అని నేను డెస్కులో అందరికీ చెప్పాను. చేపను తల్లి బతికించింది, రొయ్యను ఆ పేపరబ్బోడి మందు చంపింది అని ఆమె వీధిలో అందరికీ చెప్పింది. ఆమె మాట వినేవాళ్ళే ఎక్కువ.

చిత్తూరుకు బదిలీ అయ్యాక చాలా ఏళ్ళకు, వేరే దేనికోసమో వెతుకుతుంటే ఒక సంగతి చదివాను. ఆ పరాన్నజీవికి ఉన్న మంచి వైద్యాల్లో ఒకటి, నీళ్ళలో ఉప్పును రోజుల తరబడి మెల్లమెల్లగా తగ్గించడమట. తక్కువ ఉప్పులో చేప తట్టుకుంటుంది, పురుగు తట్టుకోలేదు. రొయ్య కూడా తట్టుకోలేదని అక్కడే ఉంది, రాగికీ అది చస్తుందని ఆ కింది పేరాలో ఉంది. ఈసారి చిన్నక్షరాలతో సహా రెండుసార్లు చదివాను. పురుగును చంపింది రాగో, బిందెడు బోరు నీళ్ళో, రెండూ కలిసో తేల్చేవాళ్ళు ఇక ఎవరూ లేరు. పర్సులో పెట్టుకుని తిరిగిన ఆ కాగితం ఎప్పుడు పడిపోయిందో కూడా నాకు తెలియదు.

ఓనరమ్మ ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. పోయిన వారం కూడా, ఆ సేపను ఎవురు బతికించినారో ఇప్పుడన్నా ఒప్పుకుంటావా అని అడిగింది. నేను మాట మార్చి ఆమె మోకాళ్ళ నొప్పుల గురించి అడిగాను. చదివిన సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.