దారి చీలిన చోట వేపకొమ్మ

మా వాళ్లు రోళ్లకూ తిరగళ్లకూ గాట్లు కొట్టుకుంటూ ఊరూరా తిరిగేవాళ్లు. ఒక గుడారం, రెండు గాడిదలు, అంతే మా ఆస్తి. దారి చీలిన చోట, ముందు పోయినవాళ్లు వేపకొమ్మ విరిచి, తాము పట్టిన దారివైపు కొస ఉండేలా పెట్టి, పైన రాయి ఉంచాలి. వెనక వచ్చేవాళ్లకు అదే అడ్రసు.

పద్నాలుగేళ్లకే నన్ను ఇద్దరు బిడ్డల తండ్రికి ఇస్తామని కులపెద్దలు మాట ఇచ్చేశారు. తెల్లవారకముందే పారిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది, పారిపోతూ కూడా అలవాటుగా దారి చీలిన చోట కొమ్మ పెట్టేశాను! రోడ్డెక్కాక గుర్తొచ్చింది. బస్సు వచ్చేదాకా వెనక్కే చూశాను. ఎవరూ రాలేదు.

బతికిపోయాననుకోవాలి కదా. లేదు, ఒళ్లు మండింది. అంత బాగా గుర్తు పెట్టిపోతే ఒక్కరైనా రారా? పీడ పోయిందనుకున్నారా? బెంగుళూరు చేరి, ఇళ్లలో పాచిపని చేసి, చదువుకుని, హెబ్బగోడిలో ఫ్యాక్టరీ ఆడవాళ్ల తరఫున ఆఫీసుల్లో గొడవపడే మనిషినయ్యాను. మీటింగుల్లో నా గొంతుకు మైకు అక్కర్లేదు. అద్దె గదికి వస్తే మాత్రం తిన్నావా అని అడిగే దిక్కు లేదు. అమ్మ కూడా రాలేదు కదా అని ఇరవై ఏళ్లు ఆమెను తిట్టుకున్నాను.

పోయిన వానాకాలం ఒక పొద్దున, ఇక్కడికి కట్టడం పనికి వచ్చిన మా పిన్ని వాచిన చేత్తో మా ఆఫీసు మెట్లెక్కింది. మొగుడి దెబ్బలు. నన్ను గుర్తుపట్టి బావురుమంది.

"అమ్మ ఎట్లుంది?" అన్నాను.

"పోయి రెండేండ్లాయ కదమ్మా. పోయే ముందు నాకొక్కదానికే చెప్పింది. ఆ పొద్దు అందరికన్నా ముందు లేసింది మీ అమ్మే. నీ కొమ్మ చూసి, కొసను ఇంకో దావకు తిప్పేసింది. మొగోళ్లంతా ఆ పక్కకే పరిగెత్తిరి. అనుమానం రాకూడదని, నిన్ను అందరికన్నా గట్టిగా తిట్టింది కూడా ఆయమ్మే."

అంతలో ఆఫీసు ఫోను మోగింది. పిన్ని మొగుడు.

"నా పెండ్లాం ఆడికొచ్చి ఉండాదా?"

"కోలారు బస్సెక్కింది. పో, వెతుక్కోపో" అన్నాను. పిన్ని నా ఎదురుగానే కూర్చుని ఉంది. చట్టాలు చెప్పే నేను జంకూ గొంకూ లేకుండా అబద్ధమాడాను.

పిన్నిని ఆడవాళ్ల హాస్టల్లో చేర్చి గదికొచ్చాను. అమ్మ తిట్టింది నన్ను దాచడానికి. నేను మాత్రం ఆమెను నిజంగానే తిట్టాను. తప్పైపోయిందమ్మా అని పైకే అన్నాను. గదిలో ఎవరూ లేరు.