తాబేలు దారిని కుట్టేసినాము

తాబేళ్ళను చంపింది సముద్రం కాదు, మనమే. పొద్దున పోర్టులో డ్యూటీకి పోతా ఒడ్డు పక్కన బండి ఆపినాను. రెండు తాబేళ్ళు ఉబ్బిపోయి ఇసకలో పడున్నాయి. ఆ కంపుకి ముక్కు మూసుకున్నా, మా తాత ఇంటి పంచలో ఆరేసిన తడి వలలే గుర్తుకొచ్చినాయి.

చిన్నప్పుడు నాతో ఆ ఒడ్డున ఆడుకున్న మన ఊరోళ్ళారా, మీకూ గుర్తుండాల. అలివి వల ఒడ్డుకి లాగినాక అందులో తాబేలు చిక్కుకోనుంటే, తాత కత్తి తీసి వలనే కోసేవాడు. అవ్వ దాని డిప్పకి పసుపు పూసి, "పోయిరా తల్లీ, ఇంక వలల జోలికి రాబాక" అని సాగనంపేది. మనం కేకలేసుకుంటా అలల దాకా దాని వెంట పోయేవాళ్ళం. తాత మాత్రం సాయంత్రం దాకా గొణుక్కుంటా ఆ చిరుగు అల్లుకునేవాడు.

ఇప్పుడు మరబోట్ల వలల్లో తాబేలు బయటపడేదానికి కిటికీ లాంటి దారి గవర్నమెంటోళ్ళు పెట్టించినారు. మనోళ్ళు దాన్ని కుట్టేసినారు. లోపల చిక్కిన తాబేలు పైకొచ్చి గాలి పీల్చుకోలేక చస్తా ఉంది.

"ఏందిరా ఇది?" అని, అప్పుడు మనతో ఆడుకోని ఇప్పుడు బోటు ఓనరైనోడినే అడిగినాను.

"అందులోంచి రొయ్య కూడా జారిపోతాదిరా. నీకేం, కంపెనీ జీతగాడివి, ఎన్నైనా చెప్తావు" అన్నాడు.

నిజమే, కొంచెం జారిపోతాది. తాత కోసిన వలలోంచి చేపలు జారిపోలేదా? ఆ పూట మనం పస్తున్నామా?

బోట్లున్న మిత్రులారా, నాకు లైకులొద్దు. సోమవారం వేటకి బయల్దేరేలోపల ఆ కుట్లు విప్పి, వల ఫొటో ఇక్కడ పెట్టండి. విప్పనోళ్ళు ఎందుకు విప్పరో, మీ పేరు పెట్టి ఇక్కడే రాయండి.