మా చేలో పాతిన బాంబు

“ఏ మూల పాతారండీ దాన్ని?” అని అడిగాను.

“డాక్టరుగారు వెళ్ళాక చెబుతాను, ఊరుకోవే” అన్నారు మా ఆయన. రాజమండ్రి ఆసుపత్రిలో మా ఆఖరి మాటలవే. డాక్టరుగారు ఉండగానే ఆయన పోయారు.

యుద్ధం రోజుల్లో దొరలు కోరుకొండ దగ్గర మా మామగారి చేను తీసుకుని బాంబుల విమానాలు దింపారు. తర్వాత చేను తిరిగిచ్చారు. దున్నుతుంటే బాంబొకటి బయటపడింది. చెబితే చేను మళ్ళీ లాక్కుంటారని మామగారు దాన్ని ఓ మూల పాతేసి, ఏ మూలో పెద్దకొడుకైన మా ఆయనకొక్కరికే చెప్పారు.

ఏ మూలో తెలియక నాలుగు మూలలూ దున్నించకుండా వదిలేశాను. “ఏంటండీ పిన్నిగారూ, మూలలు దయ్యాలకి కౌలుకిచ్చారా?” అంటాడు ట్రాక్టరు డ్రైవరు. నవ్వుతాను గాని, ట్రాక్టరు గట్టు దాటేదాకా చేను వదిలి కదలను.

ఇప్పుడు మా మరిది ఆ చేలో బోరు వేయిస్తున్నాడు. వాస్తు ప్రకారం ఈశాన్యం మూలేనట. బాంబు సంగతి చెప్పాను. “ఉంటే ఈపాటికి పేలేది వదినా” అన్నాడు. ఎల్లుండే మిషను వస్తుంది.

చేను పోతే పోనీ. ఈ కాగితం రేపు పొద్దున్నే పోలీసు స్టేషనులో ఇస్తాను. నాకు సంతకం తప్ప రాదు. నా తమ్ముడి కూతురివి, నీకు తోచింది కలపకు. బోరు ఆపమని రాశావా? ఏదీ, మొదట్నించి చదువమ్మా.