మొగిలి కొట్టి చూసిన బడి కప్పులు

మొదటి షిఫ్టు సైరను కన్న ముందే లేచి జొన్నరొట్టెలు చేసేదాన్ని. రొట్టెలు, ఇంత చింతకాయ తొక్కు గిన్నెల పెట్టి గుడ్డ కట్టిస్తే, మా ఆయన చేతిల పట్టుకొని బొగ్గుబాయికి పోతుండె. ఇప్పుడు గూడ సైరను మోగుతది, మెలకువ గూడ వస్తది. కాని పిండి ముట్టను. పిల్లలు లేచినంక ఇంత అన్నం వండుత.

మా ఆయన పేరు మొగిలి. గోదావరిఖనిల బొగ్గుబాయిల దిమ్మెలు పెట్టే పని ఆయనది. బొగ్గు తీసిన చోట మీది బండ కూలకుండ కట్టె దిమ్మెలు ఆనిస్తరు. దానికంటె ముందు కప్పును గడతోని కొట్టి చెవి పెట్టి వింటరు. ఖంగుమంటే గట్టిది. డొల్ల మోత వస్తే కూలుతది. పనిల చేరిన కొత్తల ఆయన పక్కన నిలబడ్డ మనిషి మీద బండ పడ్డది. గప్పటి నుంచి కొట్టి చూడంది ఏ కప్పు కిందా కూసోలేదు. చుట్టాలింటికి పోయినా ముందుగాల కర్ర దేవులాడుతుండె. పక్క క్వార్టరు ఎల్లన్న ఆటపట్టిస్తుండె.

"బావా, ఆ ఆకాశాన్ని గూడ ఓసారి కొట్టి చూడరాదు, ఎప్పుడు కూలుతదో ఏమో."

ఆయన నవ్వుతుండె గని, కర్ర మాత్రం ఇడువలేదు.

అరవై ఆరుల మాకు క్వార్టరు దొరికింది. అప్పటిదాక నేను, మా పెద్దపిల్ల సారక్క ఊళ్లె మా అత్త పోశవ్వ దగ్గర ఉన్నం. సారక్క ఊరి సర్కారు బడిల రెండో తరగతి. ఆ బడి ఒక్కటే అర్ర, గూనపెంకులు, వానొస్తే మూలమూలకు కారుతది. పంతులు గూడ ఒక్కడే, మంథని లింగమూర్తి. సైకిలు మీద వచ్చిపోతుండె. ఆయన చెప్పిండంటే పిల్లలకు పట్టుబడేది. సారక్క లారీల మీది రాతలు, గోడల మీది రాతలు అన్నీ గడగడ చదువుతుండె. దవాఖానల నర్సమ్మనయిత అంటుండె.

క్వార్టరుకు వస్తే పిల్ల బడి ఎట్ల? మా అత్త తన దగ్గరనే ఉంచుకొని సాదుతనన్నది. కాలనీల గూడ సర్కారు బడి కొత్తగ కట్టిండ్రు. రెండు బళ్లూ చూసి చెప్తనని ఆయన డ్యూటీ నాగా పెట్టిండు. బడి చూసుడంటే ఆయనకు తెలిసింది కప్పు చూసుడే.

ఊరి బడికి నేను గూడ ఎంబడి పోయిన. ఆయన పొడుగు కర్ర తీసుకొని దూలాల పొంటి కొట్టుకుంట పోయిండు. మట్టి రాలి పంతులు తెల్లంగి మీద పడ్డది. పంతులు దులుపుకొని కోపం లేకుండ అన్నడు.

"మొగిలీ, పిల్లను నాకు విడిచిపెట్టు. అయిదో తరగతి కాంగనే నేనే మంథని పెద్దబడిల వేస్త. ఈ పిల్ల మంచిగ చదువుతది."

"కప్పు డొల్ల మోగుతున్నది పంతులూ," అన్నడు మా ఆయన. "తెలిసి తెలిసి పిల్లను దాని కింద ఎట్ల కూసోబెట్టాలె?"

తెల్లారి కాలనీ బడికి పోయొచ్చిండు. సిమెంటు స్లాబు, కొట్టిన కాడల్లా ఖంగుమన్నదట. బాయిల గూడ గసొంటి కప్పు చూడలేదని మురిసిపోయిండు. పంతుళ్లు ఎందరని నేనడిగితే, గంత మంచి బడి కట్టినోళ్లు పంతుళ్లను పెట్టకుంట ఉంటరా అన్నడు.

పిల్లను తీసుకొచ్చినం. బాయిల పనికని ఎక్కడెక్కడి నుంచో మంది వచ్చి దిగుతున్న రోజులవి. పిల్లలు అర్రలకు పట్టలేదు. పంతుళ్లు ఇద్దరే, అందుల ఒకాయన ఎప్పుడు చూసినా కరీంనగర్ పోయిండంటరు. పెద్ద తరగతులోళ్లకు లోపల జాగ ఇచ్చి, సారక్క తరగతిని బయట యాపచెట్టు కింద కూసోబెట్టిండ్రు. వానొస్తే ఇంటికి, ఎండ ముదిరితే ఇంటికి. పిల్ల ఇంట్ల ఏం చెప్పలేదు.

ఒకనాడు షిఫ్టు దిగి వస్తుంటే ఆయన కంటనే పడ్డది. చెట్టు కింద పిల్లలు మట్టిల గీతలు గీసుకుంటున్నరు. పంతులు లేడు. ఆయన చానసేపు మీదికి చూసుకుంట నిలబడ్డడట. చేతిల కర్ర ఉన్నది, కొట్టేతందుకు ఏం లేదు. ఆనాడు బువ్వ తినలేదు. పిల్లను మళ్ల ఊరి బడిలనే వేద్దామని ఆదివారం పూట ఊరికి ఉరికిండు. లింగమూర్తి పంతులును కాసిపేట దిక్కు బదిలీ చేసిండ్రు, కొత్తాయన ఇంక రాలేదు. నెల దినాల సంది బడికి తాళం. కప్పు మాత్రం అట్లనే ఉన్నది. ఇప్పటికీ కూలలేదు.

సారక్క ఏడో తరగతి తప్పింది. మళ్ల పోనన్నది. బలవంతం చేసేతందుకు ఆయనకు మొఖం చెల్లలేదు.

పోయినేడు ఆయన కామెర్లు ముదిరి దవాఖానల ఉన్నప్పుడు, నర్సమ్మ సూదియ్య వస్తే గోడ దిక్కు తిరుగుతుండె. ఆమె పోయినంక ఒకసారి నాతోని అన్నడు.

"కప్పు చూసిన గని, దాని కింద ఎవరున్నరో చూడకపోతి."

నేను ఆయన కాళ్లు ఒత్తుకుంట కూసున్న. ఆ వారమే పోయిండు.

మా చిన్నపిల్ల సమ్మవ్వ ఇప్పుడు ఆ బడికే పోతున్నది. ఓ పంతులమ్మ వచ్చింది, పాఠం అప్పజెప్పనిదే ఇడువదట. ఇయ్యాల పొద్దుమూకంగ సమ్మవ్వ అరుగు మీద కూసొని చదువుతుంటే, సారక్క పోయి పక్కన కూసున్నది. అక్షరాల కింద ఏలు పెట్టి తనూ చదువబట్టింది. పుస్తకం ముట్టక ఏండ్లాయె, రెండో తరగతి పాఠానికే తడబడుతున్నది. చెల్లె దిద్దుతుంటే సిగ్గుపడుకుంట మళ్ల చదువుతున్నది.

అప్పుడే నల్లా వచ్చింది. రోజూ నీళ్లు పట్టేది సారక్కనే. నేను బిందె మీద చెయ్యేసిన. చప్పుడైతే సారక్క చదువుడు ఇడిచి లేస్తది. పక్క క్వార్టరు ఐలవ్వ నల్లా కాడి నుంచి, "ఓ వదినా, నీళ్లు పోతయి" అని పిలిచింది. నేను బిందె మీది చెయ్యి తీసి, తలుపు దగ్గరికేసి లోపలనే కూసున్న.