మా ఇంటి నుంచి మా ఇంటికే ఐరేని

ఆ రోజుల్లో మనిషన్నవాడికి ఒక్క పని చాలదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు పొద్దున మొదలుపెట్టిన పని సాయంత్రానికి తెమిలితే దేవుడికి దండం పెట్టుకుంటున్నాను గానీ, ఇరవై దాటిన ఆ వయసులో, సోలాపూర్ ఎండల్లో, మూడు పడవల మీద కాళ్లు పెట్టి తిరిగాను (ఉన్న రెండు కాళ్లతో మూడు పడవలెలా అని అడక్కండి, ఆ వయసులో కుదురుతుంది). నీలం నగర్‌లో మా గల్లీ అంతా తాతల నాడు తెలంగాణ నుంచి వచ్చిన నేతపనివాళ్లదే. తెల్లారకముందే ఇంటింటా సాంచాలు మోగేవి (కరెంటు మగ్గాలను మేమలా అంటాం). అలాంటి గల్లీలో పుట్టి నేను మట్టి పట్టాను. మాతో పాటే వలస వచ్చిన కుమ్మరి తాత ఒకాయన వెనక వీధిలో ఉండేవాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి ఆయన సారె దగ్గర కూర్చున్న పుణ్యమో పాపమో, కొన్నాళ్లు సాంచా నడిపి నావల్ల కాదని వదిలేశాను. పెరట్లో రేకుల గది ఖాళీ చేసుకుని, తలుపు మీద ఎర్ర రంగుతో ‘స్టూడియో’ అని రాశాను. ఆ మాట గల్లీలో ఒక్కరూ పలకలేదు. అందరికీ అది ‘మట్టి ఖోలీ’యే (ఖోలీ అంటే గది).

బాపు (మా నాన్న) ఆ ఖోలీ గడప తొక్కలేదు. నాతో మాట్లాడడం కూడా మానేశాడు. నేను ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నా సరే, ఏం చెప్పాలన్నా అమ్మతోనే చెప్పేవాడు. “వానికి చెప్పు, మట్టి కాళ్లతోని ఇంట్లకు రావద్దని.” అమ్మ నా వైపు తిరిగి ఆ మాటే మళ్లీ చెప్పేది. “సరే అన్నడని చెప్పు” అనేవాణ్ణి నేను. ఇలా మా ఇంట్లో ప్రతి మాటా రెండుసార్లు నడిచేది (ఈలోగా పప్పు చల్లారేది).

ఆ వేసవిలోనే అక్క లగ్గం కుదిరింది. చుట్టాలొస్తారని మేడ మీద గది లేపుతున్నారు. ఇటుకలు మోయడం, గోడలు తడపడం నా వంతు. పుణెలో ఒక దుకాణానికి టీ కప్పులు చేసిస్తానని అంతకు ముందే మాటిచ్చి ఉన్నాను. ఇవి చాలవన్నట్టు, గల్లీ కుర్రాళ్లు కుంఠా నాకాలో చలివేంద్రం పెడుతూ “రాంజణ్‌లు నువ్వే చెయ్యాలెరా, మనోనివి” అనేసరికి ఛాతీ ఉబ్బి ఒప్పుకున్నాను. రాంజణ్ అంటే మనిషి నడుము ఎత్తుండే నీళ్ల బాన. ఓ మధ్యాహ్నం అలాంటి పచ్చి బాననొకదాన్ని కొత్త గోడ నీడలో ఆరబెట్టాను. పన్లో పనిగా గోడ తడుపుదామని డ్రమ్ములోంచి పైపు పెట్టి, కప్పులకు పిడులు అతికించడానికి వెళ్లి, పైపు సంగతి మరిచాను. తిరిగొచ్చేసరికి బాన మట్టిముద్దయి కూలబడి ఉంది (గోడ మాత్రం చక్కగా తడిసింది).

ఇంతలో ఐరేని కుండల మాట వచ్చింది. సున్నం, ఎర్రటి జాజు పూసి బొట్లు పెట్టిన ఆ కుండలు లేనిదే మా వాళ్లలో పెళ్లి లేదు. వాటిని కొనుక్కు రాకూడదు. ఇంటిపెద్ద ముందు నడిచి, మేళంతో కుమ్మరి ఇంటికి వెళ్లి, కుమ్మరి తలకు రుమాలు చుట్టి, బియ్యం పెట్టి, అడిగి తెచ్చుకోవాలి. గల్లీలో ప్రతి పెళ్లికీ చేసిచ్చిన కుమ్మరి తాతకు ఆ ఏడు కుడిచెయ్యి పడిపోయింది. “ఇగ నువ్వే చెయ్యిరా” అన్నాడు నాతో.

“బజార్ల శంభర్ కుండలు దొరుకుతయ్” అన్నాడు బాపు, అమ్మతో (శంభర్ అంటే మరాఠీలో వంద).

అక్క పసుపుకొమ్ములు ఏరుతూ, తల ఎత్తకుండానే అంది: “బాపూ, తమ్ముడు చేసిన ఐరేని లేకుంటె నేను పీట మీద కూసోను.”

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. పెళ్లివారిల్లు మాదే, కుమ్మరి ఇల్లూ మాదే. ముందు గది నుంచి పెరట్లోకి మేళమెందుకు? పక్కింటి బీడీల చిన్నమ్మ (దినమంతా బీడీలు చుడుతూనే గల్లీ పంచాయతీలన్నీ తెంపేది) చేట పక్కన పెట్టి తీర్పు చెప్పింది. “ఎవని చేతుల సారె ఉంటె ఆడే కుమ్మరి. మేళం ముంగటి దర్వాజ కెల్లి ఎల్లాలె, గల్లీలన్ని తిరిగి ఎనక దర్వాజకు రావాలె. గంతే.” ఇంటిపెద్దగా ఎవరు నడవాలన్నది ఎవరూ అడగలేదు. అందరూ బాపు వైపు చూశారు. ఆయన లేచి, చెయ్యి కడుక్కుని, సాంచా దగ్గరికి వెళ్లిపోయాడు.

నా దిగులంతా అదే. కుండలు బాగానే కాలాయి. బాపు రాకుండా మేనమామను పంపితే? ఊరంతా నన్ను కుమ్మరి అన్నా, ఆయన అననట్టే కదా.

ఐరేని తెచ్చే రోజు కొత్త ధోతి కట్టుకుని ఖోలీలో కూర్చున్నాను. పక్కన స్టూలు మీద కుమ్మరి తాతను కూర్చోబెట్టారు. “అడగంగనే ఇయ్యకు. అలగాలె. ఇంక దోసెడు బియ్యం పొయ్యమనాలె. గదే మర్యాద” అని పాఠం చెప్పాడు. మేళం ముందు గుమ్మం నుంచి బయల్దేరి దూరమై, సాంచాల చప్పుడులో కలిసిపోయింది. చాలాసేపటికి మళ్లీ వినపడింది. అది దగ్గరికొస్తున్నకొద్దీ జనం చూడ్డానికి బయటికొచ్చారు కాబోలు, ఒక్కో సాంచా ఆగుతూ వచ్చింది. వెనక తలుపు కిర్రుమంది.

బాపే. చేతిలో రుమాలు. నన్ను చూసి గొంతు సవరించుకున్నాడు.

“కుమ్మరి పెద్దా, మా బిడ్డ లగ్గమున్నది. మీరు ఐరేని ఇయ్యుండ్రి.”

ఎన్నాళ్లకు నా మొహం చూసి మాట్లాడాడు, అదీ ‘మీరు’ అని. ఆనవాయితీ ప్రకారమే అన్నాడు, ఎవరైనా అలాగే అనాలి, నాకు తెలుసు. అయినా నా కన్నీళ్లు ఆగలేదు.

“అలగరా, అలుగు!” అని తాత పక్కనుంచి పొడుస్తున్నాడు.

“ఓ కొడుకా, కుమ్మరోడు అలగాలె గని ఏడుస్తడారా!” అంది చిన్నమ్మ. ఆడవాళ్లందరూ గొల్లున నవ్వారు. బాపు నవ్వలేదు. తెగిన పోగును చూడకుండా ముడివేసే ఆయన వేళ్లు, నా తలకు రుమాలు చుట్టడానికి తడబడ్డాయి. అది వదులై నా కళ్ల మీదికి జారింది (ఏడుపు దాచుకోవడానికి అదే పనికొచ్చింది). అక్క ఐరేని అలా మా ఇంటి నుంచి మా ఇంటికే మేళంతో వెళ్లింది.

పెళ్లి మర్నాడు అన్నం దగ్గర బాపు మళ్లీ మొదలు. “వానికి చెప్పు, ఖోలీ తలుపు కిర్రంటున్నది, నూనె పొయ్యమను.” సరే అన్నడని చెప్పు, అన్నాను. పొయ్యలేదు. ఆ తలుపు మాట ఆయన మళ్లీ ఎత్తాలని నా ఆశ. ఎత్తాడు, చాలాసార్లు. చివరికి ఓ సాయంత్రం సాంచా నూనె డబ్బా పట్టుకుని తానే వచ్చి, మడతబందులకు చుక్క చుక్కా పోసి, తలుపు రెండుసార్లు ఆడించి చూసి, నా వైపు తిరిగాడు.

“ఏం రా, ఒక్క పని గూడ సక్కగ కాదారా నీతోని?”

ఇప్పుడు నాకు పెద్ద షెడ్డుంది, పని నేర్చుకునే పిల్లలు సర్ అంటారు, ఐరేనికొచ్చే పెళ్లిపెద్దలు మీరు అంటారు. అలగడం కూడా బాగానే వచ్చింది, దోసెడు బియ్యం ఎక్కువ పడందే కదలను. బాపు మాత్రం లేడు. షెడ్డుకు పాత ఖోలీ తలుపే బిగించాను. మళ్లీ కిర్రంటోంది, నూనె పోయమని పిల్లలు గొడవ చేస్తుంటారు. రేపు చూద్దాంలే అంటాను.